వానరోడ్డుపై వేగము - కారు టైర్ల ఎంపిక

కారు కొనునప్పుడు మనము ఇంజను శక్తిని అడుగుదుము. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునో అడుగుదుము. రంగును గూర్చి ఇంటిల్లిపాదియు చర్చింతుము. టైర్లను గూర్చి అడుగువారు మాత్రము అరుదు. నల్లని రబ్బరు చక్రమే గదా, గాలి నిలిచిన చాలునని మన తలంపు. కాని ఇంజను ఎంత శక్తి గలదైనను, బ్రేకు ఎంత గట్టిదైనను, ఆ శక్తి రోడ్డునకు చేరునది నాలుగు టైర్ల అడుగున, ఒక్కొక్కటి ఇంచుమించు అరచేయి అంత చోటున మాత్రమే. ఆ నాలుగు అరచేతుల పట్టు సడలినచో స్టీరింగు మన చేతిలో నున్నను కారు మన చేతిలో ఉండదు.

విజయవాడ నుండి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా మచిలీపట్నము పోవు దారిని మన పెద్దలు బందరు రోడ్డు అనిరి. నేడది పూణె నుండి సాగివచ్చు 65వ నంబరు జాతీయ రహదారిలో చివరి భాగము. నాలుగు వరుసలుగా విస్తరించిన ఆ రోడ్డుమీద మంచి కారును హుషారుగా నడపవలెనను కోరిక ఉయ్యూరు యువకులకు కలుగుట సహజమే. ఆ కోరికను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. చట్టము అనుమతించిన వేగమున, ఎదుటివారికి ఇబ్బంది కలుగకుండ, మలుపును చక్కగా తీసికొని, బ్రేకును అదను తెలిసి వేయుట ఒక విద్య. అయితే కృష్ణా డెల్టాలో జూన్‌లో నైరుతి ఋతుపవనము వచ్చినది మొదలు డిసెంబరున ఈశాన్య ఋతుపవనము వెనుదిరుగు వరకు ఏదో ఒకనాడు వాన తప్పదు. మధ్యలో తుపానులు. కనుక ఇక్కడ టైరును ఎన్నుకొనువాడు ముందుగా వాననే తలంపవలెను. ఎండిన రోడ్డుమీద ఇంచుమించు ప్రతి మంచి టైరును పట్టు చూపును. టైరుకును టైరుకును గల తారతమ్యము తడిరోడ్డుమీదనే బయటపడును.

తడి రోడ్డును ఏమి చేయునో చూతము. వేసవి అంతయు రోడ్డుమీద దుమ్ము, నూనె, అరిగిన రబ్బరు పొడి పేరుకొని యుండును. తొలకరి జల్లు పడగానే అవి నీటితో కలిసి సబ్బునురుగువలె జారుడు పుట్టించును. అందుచేత కుండపోత వానకన్న మొదటి పావుగంట చినుకులే ఎక్కువ మోసగించును. మన ప్రాంతమున దీనికి తోడు మరికొన్ని కలవు. పొలమునుండి రోడ్డెక్కిన ట్రాక్టరు చక్రములు నల్లరేగడి బురదను రోడ్డుమీద పరచిపోవును. చెరకు తోలకపు రోజులలో ఆకు, పిప్పి రాలును. కోతల కాలమున రోడ్డు అంచున ధాన్యము ఎండబోయుదురు, గడ్డి పరచుకొనును. వీనిమీద చినుకు పడినచో ఏ టైరుకైనను పరీక్షయే.

ఒక చిన్న లెక్క చెప్పెదను. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 22 మీటర్లు దాటును. అనగా ఎదుట గేదె కనబడి, కాలు బ్రేకు మీదికి పోవులోగానే 22 మీటర్లు గడచిపోవును. ఆ తరువాత కారు ఆగుటకు, ఎండిన తారురోడ్డుమీద పట్టు బరువులో పదింట ఎనిమిది పాళ్లు అనుకొన్నచో, 31 మీటర్లు చాలును. తడిరోడ్డుమీద ఆ పట్టు అయిదు పాళ్లకు దిగినచో 50 మీటర్లు కావలెను. టైరు అరిగి మూడు పాళ్లకు దిగినచో 84 మీటర్లు కావలెను. రోడ్డు అదే, కారు అదే, డ్రైవరు అతడే. మారినది టైరు మాత్రమే.

నీరు రోడ్డుమీద నిలిచినప్పుడు సంగతి వేరు. టైరు ముందున్న నీటిని ప్రక్కలకు చిమ్ముటకు కొంత వ్యవధి కావలెను. వేగము ఎక్కువైనకొలది ఆ వ్యవధి తగ్గును. ఒక హద్దు దాటినంతనే నీరు చీలిక వలె టైరు క్రింద దూరి దానిని పైకెత్తును. దీనినే ఆక్వాప్లేనింగ్ అందురు. నీటిమీద తేలిపోవుట అని మనము చెప్పుకొనవచ్చును. అప్పుడు స్టీరింగు తేలికయగును. బ్రేకు వేసినను, త్రిప్పినను కారు వినదు. అమెరికాలోని నాసా సంస్థలో వాల్టర్ హార్న్ మొదలగువారు 1960 దశకమున విమానపు టైర్లను పరీక్షించి దీనికొక సూత్రము కనుగొనిరి. టైరులోని గాలి ఎంత తక్కువైన, అది అంత తక్కువ వేగముననే తేలునని దాని సారాంశము. ఆ సూత్రము చొప్పున 33 పౌండ్ల గాలి గల టైరు గంటకు సుమారు 95 కిలోమీటర్ల వద్ద తేలును. 25 పౌండ్లకు తగ్గినచో 83 వద్దనే తేలును. కారు టైర్లకు ఈ అంకెలు అంచనాలు మాత్రమే. గాడులు లోతుగా నున్న టైరు మరికొంత ఓర్చును. అరిగినది అంతకు ముందే తేలవచ్చును. ఇక చట్టము మాట. మధ్య విభాగము గల నాలుగు వరుసల రోడ్డుమీద కార్లకు 2018లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన గరిష్ఠ వేగము 100 కిలోమీటర్లు. అనగా చట్టము ఒప్పిన వేగమును, నీరు ఒప్పకపోవచ్చును.

కావున టైరులో మొదట చూడవలసినది గాడుల లోతు. మన మెకానిక్కులు బటన్లు అని పిలుచు ఆ దిమ్మెల నడుమ నున్న కాలువలే నీటికి దారులు. డెల్టాలో పుట్టినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: మురుగుకాలువ పూడినచో పొలము మునుగును, గాడి పూడినచో టైరు తేలును. కొత్త కారు టైరుకు సాధారణముగా 7, 8 మిల్లీమీటర్ల లోతుండును. 1.6 మిల్లీమీటర్లకు దిగిన టైరును వాడరాదని మన మోటారు వాహనముల నిబంధనలు చెప్పుచున్నవి. గాడి అడుగున చిన్న దిమ్మెలు ఆ హద్దును చూపుటకే ఉంచిరి. కాని అది చట్టమునకు చాలు హద్దే గాని వానకు చాలు హద్దు కాదు. ఉయ్యూరు వంటి చోట హుషారుగా నడుపువారు 3 మిల్లీమీటర్లకు దిగగానే, అందును తొలకరికి ముందే, టైర్లు మార్చుట మేలు.

గాడులు పందెపు కార్లకును తప్పవు. ఎండలో గాడులే లేని నున్నని టైర్లతో పరుగెత్తు ఫార్ములా వన్ కార్లు, వాన పడినంతనే ఆగి గాడుల టైర్లు తొడిగికొనును. గట్టి వానకై చేసిన అట్టి టైరు 300 కిలోమీటర్ల వేగమున సెకనుకు 85 లీటర్ల నీటిని చిమ్మగలదని దానిని తయారుచేయు పిరెల్లీ సంస్థ చెప్పుచున్నది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెమున, ఎండకును వానకును ఒకే రకపు గాడుల టైరును ఉపయోగించిరి. మనము రోడ్డుమీద వాడదగినది ఈ రెండవ పద్ధతియే. చినుకు పడినప్పుడెల్ల టైర్లు మార్చుటకు మనకు తీరికయు లేదు, మనుషులును లేరు.

రెండవది రబ్బరు. మెత్తని రబ్బరు రోడ్డును గట్టిగా పట్టును, త్వరగా అరుగును. గట్టి రబ్బరు చిరకాలము మన్నును, వానలో జారును. ఈ చిక్కును కొంతవరకు విడదీసినది సిలికా. 1992లో మిషెలిన్ సంస్థ సిలికా కలిపిన టైరును అమ్మకమునకు తెచ్చినది; తడిలో పట్టు తగ్గకుండ ఇంధనమును పొదుపుచేయుట దానివలన సాధ్యమయినది. కనుక లక్ష కిలోమీటర్లు వచ్చును సార్ అను మాటకే లోబడరాదు. కొన్ని టైర్ల ప్రక్కభాగమున ట్రెడ్‌వేర్ అను మాట చెంత ఒక అంకె ఉండును. అది పెద్దదైనకొలది మన్నిక ఎక్కువ. దాని సరసనే ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బి, సి అను తరగతి ఉండును. అది తడిరోడ్డుమీద బ్రేకు వేసి చూచిన పరీక్షాఫలము; ముందు దానిని చదువవలెను. మన దేశమున 2022లో కేంద్ర రోడ్డురవాణా మంత్రిత్వశాఖ టైర్లకు తడిలో పట్టు, దొర్లునప్పటి నిరోధము, ధ్వని అను మూడింటికిని ప్రమాణములు విధించినది. సమ్మర్ టైరు అను పేరు చూచి ఇది వానకు పనికిరాదని కొందరు భ్రమపడుదురు. మంచు కురియు దేశములలో శీతకాలపు టైరునుండి వేరుచేయుటకే ఆ పేరు పెట్టిరి. మన వేడికిని మన వానకును తగినది ఆ రకమే.

మూడవది కొలత. 185/65 ఆర్ 15 అని టైరుమీద ఉన్నదనుకొందము. వెడల్పు 185 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 65 పాళ్లు, అనగా 120 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్. 15 రిమ్ము అంగుళములు. దానికి బదులు 195/55 ఆర్ 16 వేసినచో చక్రపు మొత్తపు ఎత్తు ఇంచుమించు మారదు. ప్రక్కగోడ 107 మిల్లీమీటర్లకు తగ్గును. మలుపులో కారు చురుకుగా తిరుగును, నిజమే. కాని నీటిలో కనబడని గుంతలో పడినప్పుడు ఆ పొట్టి ప్రక్కగోడ చిట్లును, రిమ్ము వంగును. వెడల్పు మరీ పెంచినచో చిమ్మవలసిన నీరును పెరుగును. ఒక్క అంగుళము వరకు పెంచుట సబబు. అంతకు మించినచో అది రోడ్డుకై చేసినది కాదు, చూపరులకై చేసినది. తరువాత నుండు 88 హెచ్ వంటి గురుతులో 88 అనగా టైరు మోయగల బరువు 560 కిలోలు; హెచ్ అనగా 210 కిలోమీటర్ల వేగమును ఓర్చును. కారు తయారీదారు చెప్పినదానికన్న ఈ రెండును తగ్గరాదు.

నాలుగవది వయస్సు. డాట్ అను అక్షరముల వరుస చివర నాలుగంకెలుండును. 2423 అని యున్నచో అది 2023వ సంవత్సరము 24వ వారమున తయారయిన టైరు. మన ఎండలకు రబ్బరు నిలువయున్నను గట్టిపడును. గాడులు లోతుగా నున్నవని పాత సరుకును చవుకగా కొనరాదు. అయిదారేండ్లు దాటిన టైరుతో వానలో హుషారు పనికిరాదు.

కొన్న తరువాత పాటింపవలసినవి కొన్ని. నాలుగు టైర్లును ఒకే రకమైనవిగా ఉండవలెను. రెండే కొనగలిగినచో కొత్తవి వెనుక చక్రములకు వేయవలెను. ముందు చక్రములు జారినచో కారు నిటారుగా పోవును, వేగము తగ్గించి దారికి తేవచ్చును. వెనుకవి జారినచో బొంగరమై తిరుగును. ఇరుప్రక్కల కాలువలు గల మన దారులలో బొంగరము ఎచట ఆగునో ఊహింపవచ్చును. గాలిని పదిహేను దినములకొకసారి, టైరు చల్లగా నున్నప్పుడు, తలుపు చట్రమువద్ద అంటించిన కాగితము చెప్పిన ప్రకారము చూపించుకొనవలెను. వానలో పట్టు పెరుగునని గాలి తీయించుట తప్పు. గాలి తగ్గినచో టైరు త్వరగా తేలునని ఇంతకు ముందే వింటిమి.

ఎంతటి మంచి టైరుకైనను ఒక హద్దు కలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు మునిగినప్పుడు, వీథులలో పారిన నీటికి టైరు రకముతో పని లేకపోయినది. ఒక అడుగు లోతున వడిగా పారు నీరు చిన్న కారును కదల్పగలదు. అట్టిచోట వెనుదిరుగుటయే నేర్పు.

కనుక టైర్ల దుకాణములో అడుగవలసిన ప్రశ్నల వరుస ఇది: తడిలో పట్టు ఎంత? గాడులెంత లోతు? ఎప్పుడు తయారయినది? నా కారుకు తగిన కొలతయేనా? ధర, మన్నిక ఆ తరువాత. ఈ వరుసలో కొన్నవాడు ఎండలో వేగముగా పోగలడు. వానలో ఎంత వేగము తగ్గింపవలెనో తెలిసి పోగలడు. హుషారుగా నడుపుట అనగా ఈ రెండును తెలియుటయే. బందరు రోడ్డుమీద కారు ఎంత త్వరగా పోయినదను దానికన్న, కావలసినచోట ఆగినదా అనునదే ఇంటివారు అడుగు ప్రశ్న.