కంట్లో పడిన గుండు



2016లో కాశ్మీరులో భద్రతా దళాలు పెల్లెట్ తుపాకులు పేల్చాయి. ఒక్క తూటాలో ఆవగింజల్లాంటి లోహపు గుండ్లు వందల కొద్దీ ఉంటాయి. వందల మందికి కళ్లు దెబ్బతిన్నాయి. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మన ఊళ్లలోనూ పందుల కోసం పేల్చిన నాటు తుపాకి గుండు దారి తప్పవచ్చు.

పైకి గాయం సూదిమొనంతే కనబడుతుంది. "ఏం కాలేదులే" అనుకోకూడదు. కన్ను నలపొద్దు, నొక్కొద్దు, కడగొద్దు. పసరు, చనుబాలు అసలే పోయొద్దు. గుచ్చుకున్నది లాగొద్దు. కంటికి తగలకుండా కాగితం గ్లాసు బోర్లించి, అంచులు అతికించి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ధనుర్వాతం సూది కూడా అక్కడ వేస్తారు.

సి.టి. స్కాన్ తీస్తే గుండు ఎక్కడుందో తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ. వేరు. అందులో పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఇనుప ముక్క ఉంటే అది కదిలి లోపల కోసేస్తుంది. అందుకే ముందే చెప్పాలి.

గుండు కనుగుడ్డు లోపలుంటే చాలావరకు ఆపరేషన్ చేసి తీస్తారు. ఇనుమైతే తుప్పు పట్టి చూపు పోతుంది మరి. గుడ్డు వెనక, ఎముక గూటిలో సీసపు గుండు కదలకుండా ఉంటే చాలాసార్లు వదిలేస్తారు. "డాక్టరు తీయకుండా పంపేశాడు" అని కొందరు తిట్టుకుంటారు. అది నిర్లక్ష్యం కాదు. తవ్వితే చూపు నరమే దెబ్బతినవచ్చు.

నెలల తర్వాతైనా సరే, బాగున్న రెండో కన్ను ఎర్రబడినా, మసకబారినా ఆ రోజే వెళ్లి చూపించుకోవాలి.