మూలనుంచిన బండి

ముప్పదియాఱేండ్లు పిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పి విశ్రమించినవాడను నేను. అట్టివాడు మోటారు సైకిలును గూర్చి ప్రసంగించుటకు పూనుకొన్నాడని విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, తప్పులేదు. కాని నాకు బాగుగా తెలిసినదనుకొన్న యొక మాటకు అర్థమును ఈ వయస్సున ఒక బండి చెప్పినది. ఆ సంగతి మీకు విన్నవించుటయే నేటి నా యుద్దేశము.

మన వాడుకలో 'మూలబడుట' యను మాట కలదు. పనికిరానిదై, పట్టించుకొనువారు లేక, తనంతట పడియున్న వస్తువును మూలబడినదందుము. కాని మూలబడిన వస్తువు వేఱు, మూలనుంచిన వస్తువు వేఱు. మొదటిదాని వెనుక ఎవరును లేరు. రెండవదాని వెనుక ఒక మనిషి కలడు, అతని చేయి కలదు, మరల ఎవరో వచ్చి తీయుదురను నమ్మకము కలదు. క్రియాభేదములను ఇన్నేండ్లు పిల్లలకు బోధించిన నాకు ఈ భేదము బండి విప్పినప్పుడు గాని తెలియలేదు.

మా అన్నగారు పల్నాటి పల్లెలలో పశువైద్యశాఖయందు చిన్న యుద్యోగము చేసినవారు. 1972వ సంవత్సరమున ఆయన ఒక ఎన్‌ఫీల్డు బుల్లెట్టు కొనిరి. ఆ బండి చరిత్రమును రెండు మాటలలో చెప్పెదను. బుల్లెట్టు అను పేరు 1932లో ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు కర్మాగారమున పుట్టినది. ఆ రాయల్ ఎన్‌ఫీల్డు వారును, మద్రాసు మోటార్సు వారును కలిసి 1955లో ఎన్‌ఫీల్డు ఇండియా యను సంస్థను నెలకొల్పి, మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో ఈ బండ్లను కూర్చసాగిరి. మొదట విడిభాగములు ఓడలమీద వచ్చెడివి. క్రమముగా అన్నియు ఇచటనే తయారగుచు వచ్చినవి. పుట్టినచోట ఆ తయారీ ఆగిపోయినను మన దేశమున ఆగలేదు.

ఆ ఇంజనుకు సిలిండరు ఒక్కటే. దాని లోపలి వెడల్పు 70 మిల్లీమీటర్లు. అందులో పిస్టను నడచు దూరము 90 మిల్లీమీటర్లు. లెక్క కట్టినచో 346 ఘనసెంటీమీటర్ల చోటు వచ్చును. నడక పొడవైనది గనుక ఇంజను మెల్లగా తిరుగును. ఒక్కొక్క దెబ్బయు విడివిడిగా చెవిని తాకును. ఆ చప్పుడు తెలియని తెలుగు పల్లె లేదేమో!

ఆవు ఈనలేక బాధపడుచున్నదని కబురు వచ్చినచో అర్ధరాత్రమైనను అన్నగారు ఆ బండిమీద, వెనుక మందులపెట్టె కట్టుకొని, నల్లరేగడి బాటలబడి పోయెడివారు. 1993 నాటికి ఆయన చూపు మందగించినది. అప్పుడు బండిని ధాన్యపుకొట్టులో ఉంచి తలుపు మూసిరి. "ఎవరును ఎక్కని బండి ఎందుకు? ఇనుపసామానువానికి వేయరాదా?" అని నేనంటిని. ఆయన నవ్వి ఊరకుండిరి. 2001లో ఆయన గతించిరి. మా వదినగారు మాత్రము ఏటేట దసరాకు కొట్టు తెఱచి, బండి తుడిచి, కుంకుమ పెట్టుచు వచ్చిరి.

2025వ సంవత్సరమున దసరా ముందు నేను ఆ యూరు పోయితిని. వదినగారు నాతో ఇట్లనిరి: "అబ్బాయీ! ఆ బండి చప్పుడు ఒక్కసారి వినాలని ఉంది. అది ఊరి చివర మలుపు దగ్గర వినబడితే నేను లేచి అన్నం వడ్డించేదాన్ని."

ఇంతకంటె చెప్పలేదు. నేను కొట్టులోనికి పోయి, పంచె ఎగగట్టి, కిక్కుపై కాలు మోపి నా బరువంతయు వేసితిని. అది కదలలేదు. మరల వేయబోవుచుండగా వెనుకనుండి ఒక కేక వినబడెను: "అయ్యవారూ! కాలు తీయండి!"

ఆయన ప్రక్క బస్తీలో నలుబదియేండ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేయు మేస్త్రి. వదినగారే కబురంపిరట. ఆయన చెప్పిన దేమనగా, ముప్పదియేండ్లు కదలని ఇంజనులో పిస్టను రింగులు సిలిండరు గోడకు అంటుకొనియుండును; పొడి ఇనుమును బలవంతముగా కదల్చినచో రింగు విఱుగవచ్చును, గోడ గీచుకొనవచ్చును. ఇన్నేండ్ల తుప్పు చేయని చెరుపు ఒక్క తన్ను చేయగలదు. "నిద్రపోయే మనిషిని తన్ని లేపుతామా, అయ్యవారూ?" అని ఆయన యడిగెను. నాకు సమాధానము తోచలేదు.

మేస్త్రి ముందుగా ప్రక్కనున్న పనిముట్ల పెట్టెను తెఱచెను. నూనెగుడ్డలో చుట్టిన స్పానర్లతోపాటు అందులో ఒక కాగితము దొరకినది. అది మా అన్నగారి చేవ్రాలు. దానిని చదివెదను: "పెట్రోలు తీసేసినాను. ప్లగ్గు బొక్కలో ఇంజను ఆయిలు రెండు చెంచాలు పోసినాను. బ్యాటరీ తీసినాను. చక్రాలు నేలమీద లేవు. సైలెన్సరులో గుడ్డ ఉంది. అది తీయకుండా తొక్కవద్దు." క్రింద తేదీ కలదు.

ఆ వ్రాతలో ఒత్తులు లేనివి కొన్ని, ళకారమునకు లకారము వ్రాసినవి కొన్ని కలవు. నేను చదువుచుండగా ఆ తప్పులు మీకు వినబడవు. కాని దాచనేల? ఆ కాగితము చూచిన తోడనే నా మనస్సు మొదట చేసిన పని ఆ తప్పులను లెక్కించుట! తరువాతగాని చివరి వాక్యము నాకు తట్టలేదు. తొక్కవద్దని వ్రాసిపెట్టిన బండిని చదువుకొన్నవాడను, నేను తొక్కితిని.

అటుపిమ్మట మేము చేసిన పనిని వరుసగా చెప్పెదను. మీ యిండ్లలో ఇట్టి బండ్లున్నచో ఉపకరింపవచ్చును.

బండి మధ్యస్టాండుపై నిలిచి, ఇంజను క్రింద చెక్కదిమ్మె ఆనుకొని, రెండు చక్రములును నేల విడిచియున్నవి. అందువలన చక్రములపై బరువు పడలేదు. సైలెన్సరు మూతిలోని గుడ్డ తీసితిమి. ఎలుకలు గూడు పెట్టకుండ అది కాపాడినది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున డీజిలు కలిపిన ఇంజను నూనె కొంచెము పోసి, మూడు దినములు విడిచితిమి. నాలుగవ దినమున బండిని పై గేరులో నుంచి వెనుక చక్రమును చేతితో మెల్లగా త్రిప్పితిమి. మొదట బిగిసినది, తరువాత మెత్తగా లొంగినది. ఎక్కడను గీచుకొను చప్పుడు లేదు. మేస్త్రి తల యూపి, "అయ్యగారు పోసిన ఆ రెండు చెంచాలే కాపాడినాయి" అనెను.

తరువాత నూనె. బుల్లెట్టులో నూనెతొట్టి ఇంజను పెట్టెలోనే ఒక అరగా నుండును. ఏండ్లతరబడి నిలిచిన నూనె పంపుసందుల గుండ జాఱి పిస్టను క్రిందిచోటికి చేరును. దానిని పూర్తిగా దింపి, జల్లెడ కడిగి, క్రొత్త నూనె పోసితిమి. పిమ్మట ఇంజను తలపైకి నూనె కొనిపోవు సన్నని గొట్టపు బోల్టును వదులుచేసి, ప్లగ్గు లేకుండగనే కిక్కుతో మెల్లగా త్రిప్పుచు, అచ్చట నూనెచుక్క కనబడువఱకు ఆగితిమి. నూనె తలకెక్కనిదే నిప్పు చూపరాదని మేస్త్రి నియమము.

పెట్రోలు తీయకుండ నిలిపిన బండ్లలో దాని తేలికపాలు ఆవిరియై పోగా మిగిలినది జిగురై కార్బురేటరు రంధ్రములను మూయును. మా బండిలో టాంకి శుభ్రముగా నున్నను, కార్బురేటరు గిన్నెలో మిగిలిన కొలదిపాటి పెట్రోలు గోధుమవన్నె జిగురైనది. సన్నని జెట్టును తీగతో పొడువబోగా మేస్త్రి నా చేయి పట్టుకొనెను. తీగ రంధ్రమును పెద్దది చేయునట. నానబెట్టి గాలి ఊదవలెను గాని పొడువరాదు. నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. 2025 నాటికి అది నూటికి 20 పాళ్లకు చేరినది. అది తేమను పీల్చును. పాతకాలపు రబ్బరును చెఱచును. కావున పెట్రోలు గొట్టమును, వాషర్లను మార్చితిమి. టైర్లు, ట్యూబులు చూపునకు బాగున్నను రబ్బరు గట్టిపడినది గనుక వానిని గూడ మార్చితిమి. ఒకదానికొకటి అంటుకొన్న క్లచ్చి ప్లేట్లను విడదీసి తుడిచితిమి. బ్రేకు తీగలకు గ్రీజు పెట్టితిమి. 6 వోల్టుల క్రొత్త బ్యాటరీ తెచ్చితిమి.

ఇంత చేసినను ప్లగ్గువద్ద నిప్పురవ్వ రాలేదు. నాకు నిరాశ కలిగెను. మేస్త్రి మాత్రము తొందరపడలేదు. బ్యాటరీ కలదు, తీగ తెగలేదు, కాయిలు మంచిది. కావున దోషము పాయింట్లలో నుండవలెననెను. ఒక్కొక్క కారణమును తీసివేయుచు మిగిలినదానిని పట్టుకొనుట తర్కశాస్త్రమున పరిశేషానుమానము. ఆ పేరు నాకు తెలియును. ఆ పని మేస్త్రికి తెలియును. పాయింట్ల ముఖములపై సన్నని మసక పొర కట్టియున్నది. దానిని మెత్తని కాగితముతో రుద్ది, ఎడమును 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లలోపల నిలిపినంతనే నీలిరవ్వ చిటుక్కుమనెను.

ఇంతలో హైదరాబాదునుండి అన్నగారి కుమారుడు వచ్చెను. వానికిని తండ్రి బండియన్న ప్రేమయే. "బాబాయ్! పట్నంలో ఇస్తే రంగు వేసి, మెఱుగు పెట్టి, కొత్తదానిలా చేసి ఇస్తారు" అనెను. ఆ మాటకు నేను చట్టము చెప్పితిని. 50 ఏండ్లు దాటి, తొలిరూపముననే యున్న వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021లో నిబంధనలు చేసినది. చట్రమునందును ఇంజనునందును పెద్ద మార్పులు జరిగినవానికి ఆ హోదా లేదు. అట్లు నమోదైన బండిని ప్రదర్శనల వంటివానికి తీయవచ్చును గాని నిత్యము రోడ్డుపై త్రిప్పరాదు. ఇదంతయు విని వాడు, "రంగు వేస్తే ఇంజను మారదు గదా, బాబాయ్!" అనెను. అదియు నిజమే. నేను మాటాడలేకపోయితిని.

అప్పుడు వదినగారు క్యారియరుపై మందులపెట్టె రాచిరాచి రంగు పోయిన చోటును చూపి, "ఆ గీతలు పోతే అది మీ నాన్న బండి ఎట్లా అవుతుందిరా?" అనిరి. వాడు వంగి ఆ చోటును వ్రేలితో తాకి చూచెను. మరల రంగుమాట ఎత్తలేదు. మేము బండిని కడిగి, తుడిచి, తుప్పు తగిలిన కొన్ని మరలకు మాత్రము నూనె పెట్టి విడిచితిమి.

దసరా ముందటి దినమున మధ్యాహ్నము బండిని వాకిట నిలిపితిమి. మేస్త్రి కిక్కు త్రొక్కుమని మా అబ్బాయితో చెప్పెను. వాడు నన్ను చూచెను. నేను వలదంటిని, నా త్రొక్కుడు అయినది గదా! వాడు డీకంప్రెషను మీట పట్టి, పిస్టనును మెల్లగా పైస్థానము దాటించి, మీట విడిచి, కిక్కును ఒక్క త్రొక్కు త్రొక్కెను. దగ్గువంటి చప్పుడు. రెండవమారు అదియు లేదు. మూడవమారు ఇంజను పలికినది.

సైలెన్సరునుండి తెల్లని నీలిపొగ వాకిలంతయు కమ్మెను. పొగను చూచి నిప్పు నూహించుట మాకు గురువులు చెప్పిన మొదటి యుదాహరణము. ఈ పొగవలన నేనూహించినది మాత్రము 1993లో పోసిన రెండు చెంచాల నూనె. మేము పోసినదియు అందు కలదు నిజమే. కాని నా మనస్సు దానిని లెక్కింపలేదు. కొంతసేపటికి పొగ విడిపోయి, దెబ్బవెంట దెబ్బగా ఆ పాతచప్పుడు నిలకడపడెను.

శ్రోతలారా! వ్రాయనేర్చినవాని విద్యయే విద్యయని చాలకాలము నాలో ఒక గర్వముండెడిది. అన్నగారితో అన్న ఆ ఇనుపసామానుమాటలోను అదే యున్నది. తన కన్నులు పోవుచున్న దినములలో, తాను మరల ఎక్కడని తెలిసియు, ఎవరో ఎక్కుదురని తలచి, ఆయన ఆ కొట్టులో కూర్చుండి ఒక్కొక్క పనియు వరుసతప్పక చేసి, చూపానని చూపుతో ఆ కాగితము వ్రాసిరి. ఒత్తులు కొన్ని పోయినవి. వస్తువు పోలేదు.

మీ యింటిలో వాడని వస్తువు నెక్కడనైన ఉంచవలసివచ్చినచో, పడవేయకుడు, ఉంచుడు. ఏమి చేసి ఉంచితిరో నాలుగు మాటలు వ్రాసి దానితోనే పెట్టుడు. పెద్దలు ఉంచిన వస్తువును తీయవలసివచ్చినచో, కాలు మోపుటకు ముందు ఆ వ్రాత యున్నదేమో వెదకుడు.

ఆనాడు ఇంజను ఆపిన తరువాత మేమందఱము వదినగారేమందురో యని చూచితిమి. వారు అరుగుపై లేరు. లోపలనుండి మాట వినబడెను: "కాళ్లు కడుక్కుని రండి. వడ్డించాను."