కూలగొట్టే ముందు కప్పెక్కి చూద్దాం



కేస్లాపూర్‌లో నాగోబా గుడిని మెస్రం వంశీయులు తమలో తామే చందాలు వేసుకుని రాతితో కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. అంత పెద్ద పనికి ఒక్కటైన మనం, గూడెంలో ఒక పాత మట్టి ఇల్లు కారుతుంటే మాత్రం అది ఆ ఇంటివాళ్ల బాధ అని వదిలేస్తున్నాం. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

మా హాస్టల్ పక్క గూడెంలో పిల్లలు సాయంత్రం చదువుకునే పెంకుటిల్లు ఒకటుంది. దాని గోడ ఉబ్బింది. చూడవచ్చిన మేస్త్రీ కూలగొట్టి రేకులు వేద్దామన్నాడు. ఏప్రిల్‌లో రేకుల కింద మధ్యాహ్నం ఎట్లుంటుందో మా పిల్లలను అడగండి, చెబుతారు! హాస్టల్ సిబ్బందిమి, గూడెం ఆడవాళ్లం, పటేల్, డిగ్రీ చదివే నలుగురు కుర్రాళ్లు కలిసి కూర్చుని ముందు కారణం వెతికాం. గోడ గట్టిగానే ఉంది. ఉబ్బింది దానిపైన పూసిన సిమెంటు.

మట్టి గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. కప్పు నుంచి దిగిన నీళ్లు, నేల నుంచి ఎక్కిన చెమ్మ లోపలే నిలిచి మట్టిని మెత్తబరుస్తాయి. పూత పలకలు పలకలుగా ఊడుతుంది. అందుకే ముందు కప్పు, తర్వాత గోడ చుట్టూ నీళ్లు పోయే కాలువ, ఆఖరుకు పూత. మనం ఆఖరుదే ముందు చేస్తాం, రంగు నలుగురికీ కనబడుతుంది కాబట్టి.

పెంకులన్నీ దింపి ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూశాం. ఖంగుమన్నది మంచిది, బొంగురుగా పలికింది పగిలింది. చెదలు తిన్న వాసాలు మాత్రమే మార్చాం.

మట్టి దగ్గర అవ్వలే ఇంజినీర్లు. మన దగ్గర నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది, పూతకు పనికిరాదు. అవ్వలు ఎర్రమన్ను, పుట్టమన్ను తెమ్మన్నారు. కుర్రాళ్లకు నమ్మకం కుదరలేదు. సరే, సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా ఊపి, ఒక రోజు కదపకుండా ఉంచాం. అడుగున ఇసుక, దానిపైన సన్న ఒండు, అన్నిటికన్నా పైన బంకమన్ను పేరుకున్నాయి. బంక ఎక్కువుంటే ఇసుక కలపాలి. టీచర్ ట్రైనింగులో నేర్చిన పాఠం అవ్వల మాటకే సాక్ష్యం చెప్పింది. ఆ మట్టిలో తరిగిన గడ్డి, పేడ కలిపి తొక్కి, కొన్ని రోజులు నానబెట్టి పూశారు. పూసేది ఆడవాళ్లు, నిర్ణయించేది మగవాళ్లు అన్న పద్ధతి ఈసారి సాగలేదు. కిటికీ పెద్దది చేయించింది ఆడవాళ్లే.

శ్రమదానం అన్న మాట మాకు అంతగా రుచించదు. దానం చేసినవాడు ఫొటో దిగి వెళ్లిపోతాడు. మనవాళ్లది బదులు పని: నీ చేనుకు నేను, నా చేనుకు నువ్వు. అందుకే హాజరు పట్టీ లాంటి పుస్తకం పెట్టి, ఎవరు ఎన్ని పూటలు వచ్చారో రాశాం. రేపు వాళ్ల కప్పుకు అన్ని పూటలు వెళ్తాం. కూలికి పోతేగానీ గడవనివాళ్లను రమ్మని బలవంతపెట్టలేదు. వాళ్ల ఇల్లు కూడా జాబితాలో ఉంది.

పక్కా ఇల్లు వద్దని మేము అనడం లేదు. మంజూరైతే తీసుకోండి. కానీ బిల్లు రాకముందే పాతది కూల్చి, కొత్తది పునాది దగ్గర ఆగి, ప్లాస్టిక్ కవరు కింద వానాకాలం గడిపిన కుటుంబాలు మనకు తెలుసు. కొత్తదానికి కప్పు పడేదాకా పాతదాన్ని నిలబెట్టుకోండి. ఇంకో మాట, పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టొద్దు, కోయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

మీ గూడెంలో పెంకు వేయడం తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారో ఈ వారమే లెక్క తీయండి. మా పక్క గూడెంలో ఇద్దరే ఉన్నారు. ఒక తాతకు నిచ్చెన ఎక్కే వయసు దాటింది. ఆయన కింద మంచం మీద కూర్చుని చెబుతుంటే కుర్రాళ్లు పైన వరసలు వేశారు. మృగశిర కార్తెలోపు రెండో ఇల్లు ఎక్కాలి. నిచ్చెన పట్టుకునేవాళ్లు కావాలి.