ఏ రాయి ఎక్కడిదో తెలిసినవాళ్లు కావాలి
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాట గురించి, ఆట గురించి, డోలు గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను రాళ్ల గురించి మాట్లాడతాను. కూలిపోయే పాత రాతి కట్టడాన్ని మళ్లీ ఎట్లా నిలబెడతారు, అందులో మన పిల్లలకు ఏం పని ఉంది అన్నదే నా విషయం.

హన్మకొండ వేయిస్తంభాల గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి అది. నందికి అవతల కల్యాణ మండపం ఉంటుంది. పునాది కుంగి, స్తంభాలు ఒరిగిపోవడంతో 2006లో కేంద్ర పురావస్తు శాఖ ఆ మండపాన్ని విప్పే పని పట్టుకుంది. మళ్లీ కట్టి తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు. మధ్యలో 18 ఏళ్లు. పని మొదలైన ఏడు పుట్టిన పిల్ల, మండపం తెరిచేనాటికి ఓటు హక్కు వచ్చే వయసుకు చేరింది.

ఇటువంటి పని ఎట్లా జరుగుతుందో చెప్తాను. ముందు కొలతలు తీసుకుంటారు, ఫొటోలు తీస్తారు, బొమ్మలు గీస్తారు. తర్వాత ప్రతి రాయి మీదా నంబరు వేస్తారు. ఏ వరుసలో, ఏ మూలన, ఏ రాయి పక్కన ఉందో కాగితం మీదికి ఎక్కిన తర్వాతే దాన్ని దించాలి. మన దగ్గర కాకతీయులు గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దాని మీద కట్టడం లేపేవారు. ఇంజనీర్లు దీన్ని శాండ్‌బాక్స్ పద్ధతి అంటారు. భూమి అదిరినా ఆ ఇసుక కొంత అదురును మింగేస్తుంది. అదే ఇసుక జారిపోతే మాత్రం పైనున్న బరువంతా ఒక పక్కకు వాలుతుంది. అందుకే పునాది సరిచేయకుండా పైన ఎన్ని రాళ్లు సర్దినా లాభం లేదు.

విరిగిన రాయిని అతకడానికి తుప్పు పట్టని ఉక్కు కడ్డీ వాడతారు. మామూలు ఇనుప కడ్డీ పెడితే అది తుప్పు పట్టి ఉబ్బి, రాయిని లోపలి నుంచే చీలుస్తుంది. సందుల్లో సిమెంటు కుక్కితే పని తొందరగా అవుతుంది కానీ, రాతిలో చేరిన తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు తేలి, పొరలు పొరలుగా రాయి రాలుతుంది. అందుకే పాత కట్టడాలకు సున్నమే మంచిది. రాయి పూర్తిగా పోయిన చోట కొత్తది పెట్టొచ్చు. అయితే అది పాతదానితో కలిసిపోతూనే, చూసినవాళ్లకు కొత్తదని తెలియాలి. 1964లో వెనిస్ నగరంలో నిపుణులు రాసుకున్న ఒప్పందంలో ఈ నియమం ఉంది.

వీటన్నిటిలో మొదటిది, కాగితం మీద రాసి పెట్టుకోవడం, ఎంత ముఖ్యమో ఒక దేశం సంగతి చెప్తే మీకు అర్థమవుతుంది. కంబోడియాలో బాఫువోన్ అనే పెద్ద గుడి ఉంది. బాగుచేద్దామని 1960లలో దాన్ని విప్పారు. దాదాపు 3 లక్షల రాళ్లు. ఇంతలో యుద్ధం వచ్చింది. నంబర్లు రాసుకున్న కాగితాలన్నీ నాశనమయ్యాయి. 1995లో మళ్లీ పని మొదలుపెట్టినవాళ్లు ఒక్కో రాయినీ చూసి, దేని పక్కన ఏది పడుతుందో వెతుక్కుంటూ 2011కి గానీ పూర్తి చేయలేకపోయారు. రాళ్లు అక్కడే ఉన్నాయి, వాటి చోట్లు తెలిసినవాళ్లు లేరు. అదీ కష్టం.

ఇక మన దగ్గరికి వద్దాం. రామప్పకు 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దాని పక్కనున్న కామేశ్వరాలయం రాళ్లు మాత్రం విప్పిన తర్వాత ఏళ్ల తరబడి ఆవరణలోనే పడి ఉన్నాయి, ఆ తర్వాతే తిరిగి కట్టే పని మొదలైంది. గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. మన చిట్యాల మండలంలోనే నైన్‌పాక గుడి ఉంది. నాలుగు దిక్కులా ద్వారాలు, లోపల ఒకే రాతికి నాలుగు వైపులా చెక్కిన మూర్తులు. రామప్ప చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నైన్‌పాకను మనమే చూసి రాకపోతే ఇంకెవరు చూస్తారు?

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. కాకతీయ సైన్యంతో పోరాడి పగిడిద్దరాజు, సమ్మక్క, సారలమ్మ, జంపన్న ప్రాణాలిచ్చారని మన పెద్దలు చెప్తారు. సంపెంగ వాగు జంపన్న వాగు అయింది అందుకే అంటారు. మరి ఆ రాజుల గుళ్లను మనం ఎందుకు కాపాడాలి?

నేను ఆలోచించి చెప్పే జవాబు ఇది. ఆ రాళ్లను రాజులు మోయలేదు, చెక్కలేదు. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడని 1213 నాటి శాసనం చెప్తుంది. జనం మాత్రం దాన్ని చెక్కిన శిల్పి పేరుతోనే పిలుస్తున్నామని చెప్పుకుంటారు. ఇంకో మాట. రాజులకు శాసనాలున్నాయి, మనకు గద్దెలు, పడిగెలు, పాటలు ఉన్నాయి. రెండూ నిలిస్తేనే రేపటి పిల్లలకు కథ పూర్తిగా తెలుస్తుంది. ఆ కట్టడాలు మట్టిలో కలిసిపోతే, మన తల్లులు ఎంత పెద్ద రాజ్యానికి ఎదురు నిలబడ్డారో చూపించే సాక్ష్యం కూడా పోతుంది.

పైగా ఇప్పుడు రాతి పని మన ఇంటి దాకా వచ్చింది. 2026 జాతరకు ముందు మేడారం గద్దెల దగ్గర రాతి కట్టడం లేచింది, రాళ్ల మీద కోయల గుర్తులు చెక్కారు. ఎండకు వానకు ఏ రాయైనా ఒకనాడు పగులుతుంది. దాన్ని మార్చే రోజున ఏ గుర్తు ఏ గట్టుదో, ఏది ఎటు తిరిగి ఉండాలో చెప్పగల మన మనిషి అక్కడ ఉండాలి. పని చేసే శిల్పి ఎంత మంచివాడైనా ఆ సంగతి ఆయనకు మనమే చెప్పాలి.

అందుకని మీకు కొన్ని పనులు చెప్తాను. మీ ఊరి దగ్గరున్న పాత గుడి, బురుజు, శాసనం, వీరగల్లు ఏదైనా సరే, ఏడాదికి ఒకసారి నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి తేదీ రాయండి. ఒక కాపీ బడిలో, ఒకటి పంచాయతీలో పెట్టండి. రేపు రాయి కదిలినా, మాయమైనా అదే ఆధారం. శిల్పాలకు రంగులు వేయొద్దు, పేర్లు చెక్కొద్దు. పొలంలో విగ్రహం బయటపడితే కదిలించకుండా తహసీల్దారుకు చెప్పండి. నిధుల కోసం తవ్వేవాళ్లు కనిపిస్తే ఎదురెళ్లొద్దు, పోలీసులకు ఫోన్ చేయండి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మన రాష్ట్రానికి 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది.

పదో తరగతి అయినవాళ్లు ఇంకొక మాట వినండి. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాళ్లకు, డిగ్రీలో చరిత్ర, ఆ తర్వాత పురావస్తు శాస్త్రం చదివినవాళ్లకు ఈ రంగంలో పని ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి శిల్పకళా సంస్థ కూడా ఉంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు చదవండి. అర్థం కాకపోతే మీ హాస్టల్ వార్డెన్‌ను అడగండి, దరఖాస్తు నింపడానికి కూర్చుంటాం.

వచ్చే సెలవుల్లో నైన్‌పాకకు పోదాం. ఫోన్ ఉన్నవాళ్లు ఫోన్, లేనివాళ్లు నోటుపుస్తకం, టేపు తెచ్చుకోండి. గుడి చుట్టూ కొలిచి, కింద పడి ఉన్న రాళ్లు ఎన్నో లెక్క రాసుకుని వద్దాం. ఒక్క రాయినీ జరపొద్దు.