వెనక బెంచీలో కూర్చున్న టీచరు

(మన ఆలయ తెలుగు బడి వార్షికోత్సవంలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)



ఏటా ఈ రోజున పిల్లలు పద్యాలు చెబుతారు, మనం చప్పట్లు కొడతాం. ఈసారి టీచర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మాలో ఎవరూ టీచరు చదువు చదవలేదు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, ఆదివారం పొద్దున్నే అక్షరాల కార్డులు పట్టుకుని వస్తాం. అమెరికాలో తెలుగు బడులు చాలావరకు ఇలాగే నడుస్తున్నాయి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడికి కూడా వాలంటీర్లే బలం.

నిరుడు నా క్లాసులో పిల్లలకు తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వచ్చేది. ఇద్దరు మానేశారు. ఇంట్లో మాట్లాడరు కాబట్టే ఇలా అనుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే ‘ఈవిడకు పాఠం చెప్పడం రాదు’ అనుకుంటారని భయం.

చివరికి పక్క గదిలో చెప్పే అక్కను పిలిచాను. “ఏం చూడమంటావు?” అన్నారు. “పిల్లలు తెలుగులో పూర్తి వాక్యం ఎన్నిసార్లు మాట్లాడతారో గీతలు పెట్టండి చాలు” అన్నాను. 45 నిమిషాల క్లాసు. కాగితం మీద 6 గీతలు. ఆవిడ ఒక్క మాట అనలేదు. మిగతా సమయమంతా మాట్లాడింది నేనేనని నాకే తెలిసింది.

మరుసటి వారం నేను ఆవిడ క్లాసులో కూర్చున్నాను. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టే దాకా నోరు విప్పరు. ఒక బాబు “ఐ వాంట్ వాటర్” అంటే మందలించలేదు. “నీకు మంచినీళ్లు కావాలా?” అన్నారు. “ఆ, నాకు మంచినీళ్లు కావాలి” అన్నాడు వాడు.

టీచర్లు ఇలా ఒకరికొకరు తోడవడాన్ని అమెరికా విద్యావేత్తలు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచి పరిశీలించారు. శిక్షణలో విన్నది క్లాసులో నిలవాలంటే ఈ తోడు కావాలన్నారు. 1996లో మరో మాట చేర్చారు: చూసినవాళ్లు తప్పొప్పులు చెప్పడం మొదలుపెడితే కలిసి పనిచేయడం చెడుతుంది. అందుకని పాఠం చెప్పేవారే నేర్పేవారు, చూడవచ్చినవారే నేర్చుకునేవారు.

ఇప్పుడు మేం ఐదుగురం. చూడమన్నదే చూస్తాం. గదిలో మాట గది దాటనివ్వం. ఈ రెండో నియమం నా వల్లే వచ్చింది. ఒకరోజు ప్రసాదం వరుసలో నిలబడి, ఒకరి క్లాసు గురించి నవ్వుతూ ఏదో అనేశాను. అది ఆమె చెవిన పడింది. రెండు నెలలు మమ్మల్ని తన క్లాసుకు రానివ్వలేదు. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆ తలుపు మళ్లీ తెరవడం ఆమె గొప్పతనం.

మొన్న అక్క మళ్లీ గీతలు పెట్టారు. 31 వచ్చాయి. మానేసిన ఇద్దరిలో ఒక పాప తిరిగి వచ్చింది. రెండో బాబు రాలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. కొంచెం ముందే నోరు విప్పి అడిగి ఉంటే ఉండిపోయేవాడేమో.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పాఠం చెప్పడం రాదని వెనకాడుతున్నవాళ్లు ఒక నెల ఊరికే మా క్లాసుల్లో వెనక కూర్చోండి. మిమ్మల్ని ఎవరూ పరీక్షించరు. మాకూ ఎవరూ పరీక్ష పెట్టలేదు, పక్కన కూర్చున్నారంతే.