చదరపు ముద్రయు చేతిఫోనును

దుకాణముల ముంగిట సొమ్ము చెల్లించుటకై అతికించిన నలుపు తెలుపుల చదరపు ముద్రను మీరందఱును చూచియే యున్నారు. దానిని క్యూఆర్ కోడ్ అందురు. క్రొత్త ఫోనును ఒక సంస్థ అధీనములోనికి తెచ్చుటకును ఆ ముద్రయే సాధనమగుచున్నది. ఈ రెండవ ఉపయోగమును గూర్చి నేడు మనవి చేసెదను.

ఈ ముద్ర 1994లో జపాను దేశమున పుట్టినది. డెన్సో సంస్థలో మసహిరో హరా అను ఇంజనీరును ఆయన సహచరులును మోటారుకార్ల విడిభాగముల జాడ తెలిసికొనుటకై దీనిని కల్పించిరి. మూడు మూలల నున్న పెద్ద చదరములు ముద్ర యెచ్చట నున్నదో కెమెరాకు తెలుపును. తక్కిన చిన్నగడులలో అక్షరములును అంకెలును ఇమిడియుండును. ఒక్క ముద్రలో 7,089 అంకెల వఱకు పట్టును.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులను పంచినది. ఇట్లు లక్షలకొలది పరికరములను పంచునపుడు ఒక్కొక్కదానిని చేతితో సిద్ధపఱచుట యెంత ప్రయాస! పాఠములు ఉండవలయును, పనికిమాలినవి చేరరాదు, పరికరము పోయినచో తాళము పడవలయును. ఇట్టి పనికి గల మార్గములలో చదరపు ముద్ర యొకటి.

క్రొత్తదియో, లోపలిదంతయు తుడిచివేసినదియో యగు ఆండ్రాయిడ్ ఫోనును తెఱచినపుడు స్వాగతవాక్యము కనబడును. పెక్కు ఫోనులలో ఆ తెరపై ఒకేచోట ఆరుమార్లు తట్టినచో కెమెరా తెఱచుకొనును. దానికి ముద్రను చూపవలయును. నిర్వాహక యాప్ పేరును, అది దొరకు చిరునామాయును, ఒక్కొక్కయెడ వైఫై పేరును పాస్‌వర్డును అందుండును. ఫోను వానిని గ్రహించి ఆ యాప్‌ను తానే తెచ్చుకొనును. అటుపిమ్మట సంస్థవారు దూరమునుండియే యాప్‌లను ఎక్కింపవచ్చును, తొలగింపవచ్చును, తాళము వేయవచ్చును, సమస్తమును తుడిచివేయవచ్చును.

పూర్వము కల్లములో ధాన్యపురాశిపై ముద్ర పడిన పిమ్మట, అనుమతి లేనిదే రైతు తన గింజను తాను తీయరాదు. ఇదియు అట్టిదే. కావున కొన్ని జాగ్రత్తలు పాటింపవలయును.

కార్యాలయమువారో పాఠశాలవారో ఇచ్చిన పరికరములో కుటుంబపు ఛాయాచిత్రములను, సొంతపత్రములను దాచకుడు. అవి ఒక్క ఆజ్ఞతో మాయమగవచ్చును. వాడిన ఫోనును కొనునపుడు, అది ఏ సంస్థ అధీనములోనైన నున్నదా యని విచారింపుడు. క్రొత్త ఫోనును అపరిచితుల చేత సిద్ధపఱపింపకుడు. సంస్థ ముద్రను గోడపై అంటింపరాదు. అందలి పాస్‌వర్డును ఎవరైనను చదువగలరు.

వాడుకలో నున్న ఫోను, ముద్రను చూపినంతమాత్రమున పూర్తిగా పరాధీనము కాదు; ముందుగా అందలి సమస్తమును తుడువవలయును. ఐనను తెలియని ముద్ర మోసపు చిరునామాకు కొనిపోవచ్చును. సొమ్ము పుచ్చుకొనుటకు మీరు ముద్రను చూడనక్కఱలేదు, యూపీఐ పిన్‌ను నొక్కనక్కఱలేదు. అట్లు చేయుమన్నవాడు మీ సొమ్మును తీయజూచుచున్నాడని యెఱుగుడు. ఈ మాటను మీ యింటి పిల్లలకును, ఇరుగుపొరుగువారికిని చెప్పుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.