దద్దుర్లు: వంటింటి తప్పేనా?
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగం)



పండుగ సభలో దురద సంగతేమిటని కొందరు నవ్వవచ్చు. కాని సాయంకాలం తెలుగు తరగతి ముగిశాక తల్లులు మమ్మల్ని అడిగేవాటిలో వ్యాకరణం కంటే ఇదే ఎక్కువ. సాయంత్రం ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, తెల్లవారేసరికి మాయమవుతాయి, మళ్ళీ లేస్తాయి. కారణం తెలియదు. మేము వైద్యులం కాము. చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది చెబుతున్నాము.

మన ఇళ్ళలో మొదటి అనుమానం వంట మీదికి పోతుంది. రొయ్యలు మానమంటారు, తరువాత బెలచన్, ఆ తరువాత వంకాయ, గోంగూర, గుడ్డు. మాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్దావిడ ఇలా అన్నీ వదిలి నెలల తరబడి చారన్నంతో గడిపింది. మనిషి చిక్కిపోయింది గాని దద్దుర్లు తగ్గలేదు. కోడలు కూరలో ఏం కలిపిందో అన్న మాట కూడా పుట్టింది. ఆ అమ్మాయి ఏడ్చింది.

తిండి వల్ల వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న నిమిషాల్లోనే, మహా అయితే రెండు గంటల్లో కనబడతాయి. ఆదివారం తిన్న రొయ్యలకూ బుధవారం లేచిన దద్దుర్లకూ సంబంధం కలపకూడదు. 6 వారాలు దాటి, ఇంచుమించు రోజూ వచ్చే రకానికి తిండి కారణం కావడం అరుదు. చర్మంలోని మాస్ట్ కణాల నుండి హిస్టమిన్ అనే పదార్థం బయటికి వస్తే చర్మం ఉబ్బి దురద పెడుతుంది. చాలామందిలో శరీరం తనకు తానే తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు ఆ కణాలను రెచ్చగొడతాయి. థైరాయిడ్ జబ్బు ఉన్నవారిలో ఇది కొంత ఎక్కువ. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకకపోవడమూ మామూలే. అందుకని డాక్టరును తప్పుపట్టి నలుగురి దగ్గరకు తిరగడం దండగ.

రెచ్చగొట్టేవి వేరే ఉన్నాయి. బిగువైన నడుంపట్టీ, సంచి పట్టీ, కొందరికి చలి గది. మన మలేసియా ఉక్కలో ఆడుకునే పిల్లలకు చెమట పట్టగానే గుండుసూది తలంత దద్దుర్లు లేవవచ్చు. మోకాళ్ళ నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివీ దీన్ని పెంచుతాయి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా మానరాదు. ఎస్టేటు లైను ఇళ్ళలో మా అవ్వలు గరుకు కంబళితో రుద్దేవారు. రుద్దితే ఇంకా లేస్తాయి. చల్లని తడిగుడ్డ మేలు.

మందుకు వస్తే, మత్తు తక్కువైన లొరాటడిన్, సెటిరిజిన్ మాత్రలు ముందు ఇస్తారు. పాతకాలపు పిరిటన్ నిద్ర తెస్తుంది, వేసుకొని కారు నడపవద్దు. దురద పుట్టినప్పుడు ఒకటి మింగి ఊరుకుంటే చాలదు, చెప్పినన్నాళ్ళు రోజూ వేసుకోవాలి. చాలకపోతే మోతాదు డాక్టరే పెంచుతారు. దానికీ లొంగనివారికి ఒమాలిజుమాబ్ అనే సూదిమందు ఉంది. అమెరికాలో ఈ జబ్బుకు దాన్ని 2014లో అనుమతించారు. చాలామందికి కొన్నేళ్ళలో జబ్బు తనంతట తగ్గిపోతుంది. పసార్ మాలంలో అమ్మే పేరులేని మలాములు మాత్రం కొనకండి. స్టిరాయిడ్ కలిపి ఉంటే చర్మం పలచబడుతుంది. మందు పెట్టె మీద ఎం.ఏ.ఎల్. అని మొదలయ్యే నమోదు సంఖ్య ఉందో లేదో చూడండి.

ఒక్కొక్క దద్దురు సాధారణంగా 24 గంటల్లో మచ్చ లేకుండా పోతుంది. అక్కడే నిలిచి నొప్పి పెట్టి, కమిలిన మచ్చ వదిలినా, జ్వరం తోడైనా అది వేరే జబ్బు కావచ్చు, వెంటనే చూపించాలి. ఇంటిల్లిపాదికీ వేళ్ళ సందుల్లో రాత్రి దురద పుడితే గజ్జి అని అనుమానించాలి. దానికి అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. నాలుక వాచినా, గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా 999కు ఫోను చేయండి.

క్లినిక్కుకు చేరేసరికి దద్దుర్లు మాయమవుతాయి కనుక ఫోనులో ఫోటో తీసి ఉంచండి. ఏ వేళ లేచాయి, ఏ మాత్ర వేసుకున్నారు, ఏం తిన్నారు అన్నీ తేదీతో రాయండి. మా తరగతిలో రూళ్ళ పుస్తకాలు కొన్ని మిగిలి ఉన్నాయి. కావలసినవారు సభ అయ్యాక మా దగ్గర తీసుకోవచ్చు. రాయడం తెలుగులోనే రాయండి, డాక్టరుకు పిల్లలు చదివి చెబుతారు.